సముద్రపు గాలిలో అయోడిన్ ఎంత? కూలివాడి కంచంలో ఎంత?

నెల్లూరు జిల్లా తీరాన ఇస్కపల్లి, కృష్ణపట్నం లాంటి చోట్ల ఉప్పు కొటార్లలో పనిచేసే కూలీలను కదిలించినా, ఆ పక్కనే వరినాట్లకూ రొయ్యల గుంటలకూ పోయే కూలీలను కదిలించినా ఒక మాట తరచు వినబడుతుంది. "రాత్రింబగళ్లు సముద్రం గాలే పీలుస్తుండాం. ఆ గాల్లోనే అయోడిన్ ఉందంట గదా, ఇంక మాకు ప్యాకెట్టు ఉప్పు ఎందుకబ్బయ్యా?" అని. మడిలో గీకి కుప్పేసిన కల్లుప్పు నాలుగు దోసిళ్లు తెచ్చుకుంటే ఇంటికి నెలంతా గడుస్తుంది. పచ్చళ్లకూ అదే, కూరకూ అదే, ఎండుచేపకూ అదే. పొద్దస్తమానం ఉప్పు తయారుచేసే మనిషి అంగట్లో డబ్బులిచ్చి ఉప్పు కొనుక్కోవాలా అనే రోషం కూడా ఆ మాటలో ఉంది. ఆ రోషం న్యాయమైనదే.

మన కార్యకర్తల్లో కొందరు ఇంకో అడుగు ముందుకేసి, అసలు అయోడిన్ అనేదే పెద్ద కంపెనీలు ఉప్పు వ్యాపారాన్ని చేజిక్కించుకోడానికి పన్నిన ఎత్తు అని చెబుతున్నారు. కంపెనీలు ఎత్తులు పన్నని రోజు లేదు, నిజమే. కానీ ఈ మాట ఇలాగే జనంలోకి పోతే దెబ్బ తినేది కంపెనీ కాదు. కడుపుతో ఉండి మోకాలు లోతు బురదలో వంగి నాట్లేసే ఆడకూలీ తింటుంది, ఆమె కడుపులో బిడ్డ తింటుంది. అందువల్ల గాలిలో అయోడిన్ సంగతి ఏమిటో, దాన్ని ఎట్లా కొలుస్తారో, కొలిస్తే ఎంత తేలిందో కాస్త ఓపిగ్గా చూడాలి. లెక్కలంటే భయపడేవాళ్లు కూడా కూలి లెక్కలో పైసా తేడా వస్తే పట్టుకుంటారు గదా, ఇదీ అంతే.

మనిషి మెడకు ముందువైపు, గొంతు కింద సీతాకోకచిలుక ఆకారంలో ఒక గ్రంథి ఉంది. పేరు థైరాయిడ్. ఒంటికి చురుకుదనం, ఎదుగుదల, ముఖ్యంగా కడుపులో ఉన్న బిడ్డకు మెదడు పెరుగుదల ఇచ్చే రసం దానిలో తయారవుతుంది. ఆ రసానికి ముడిసరుకు అయోడిన్. ముడిసరుకు అందకపోతే గ్రంథి ఉబ్బి గొంతు ముందు కాయలాగా వేలాడుతుంది. దాన్నే గాయిటర్ అంటారు. వేలాడే గొంతు కంటికి కనబడుతుంది గాని, కనబడని నష్టం అంతకన్నా పెద్దది. కడుపులో ఉండగా తల్లికి అయోడిన్ బాగా తక్కువైతే బిడ్డ మందబుద్ధితోనో, చెవుడుతోనో, మూగతనంతోనో పుట్టవచ్చు. పుట్టిన తర్వాత ఎంత అయోడిన్ పోసినా ఆ నష్టం తిరిగి పూడదు.

ఇంతా చేసి కావలసింది ఎంత? పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణికీ పాలిచ్చే తల్లికీ 250, ఆరు నుంచి పన్నెండేళ్ల పిలకాయలకు 120 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మైక్రోగ్రాము అంటే గ్రామును పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. పెద్దమనిషికి ఏడాది పొడుగునా కావలసిందంతా కలిపి తూచినా మూడు బియ్యపు గింజల బరువు. అరవై ఏళ్ల బతుక్కు ఒక చెంచాడు కూడా నిండదు. అయితే ఈ చెంచాడును ఒకేసారి మింగి దాచుకోడానికి లేదు. ఒంట్లోకి వచ్చినదానిలో చాలా భాగం మూత్రంలో పోతూనే ఉంటుంది, అందువల్ల రోజూ కొంచెం కొంచెం రావాలి.

గాలిని తూచడం

సముద్రపు గాలిలో అయోడిన్ ఉందన్న మాట అబద్ధం కాదు. ఉంది. అది ఎట్లా వస్తుందో చూడండి. సముద్రపు నీటిలో అయోడిన్ కరిగి ఉంటుంది, లీటరుకు సుమారు 50, 60 మైక్రోగ్రాములు. నీటిపైన గాలిలో ఓజోన్ అనే వాయువు కొంత ఉంటుంది. ఆ ఓజోన్ నీటి పొరను తాకినప్పుడు అక్కడి అయోడిన్ విడిపోయి వాయువుగా గాలిలోకి లేస్తుంది. నీటిలో బతికే నాచు, కంటికి కనబడని సూక్ష్మమైన మొక్కలు కూడా మిథైల్ అయొడైడ్ రూపంలో కొంత వదులుతాయి. మన వరి మడి కూడా ఈ పని చేస్తుంది! నీళ్లు నిలిచిన వరి పొలాల నుంచి మిథైల్ అయొడైడ్ లేస్తోందని 2000 సంవత్సరం ప్రాంతంలో కొలిచి చూపారు. ఇట్లా లేచిన అయోడిన్ గాలితో నేలమీదకు వచ్చి వానలో దిగుతుంది. భూమిమీద మట్టిలో ఉండే అయోడిన్‌లో చాలా భాగం ఇట్లా ఎన్నో వేల ఏళ్లుగా సముద్రం నుంచి వచ్చిందే. కొండ ప్రాంతాల్లో వానలూ వరదలూ మట్టిని కడిగేస్తాయి గనుక అక్కడ మిగిలేది తక్కువ.

ఇంత తక్కువ సరుకును గాలిలో కొలవడం తేలిక పని కాదు. గంటకు ఎన్ని లీటర్ల గాలి లాగుతుందో లెక్క తెలిసిన పంపును పెట్టి, గంటల తరబడి ఒక్కొక్కసారి రోజంతా గాలిని లాగుతారు. ఆ గాలి ముందు సన్నని వడపోత కాగితం గుండా పోతుంది, ధూళికీ ఉప్పు తుంపరకూ అంటుకున్న అయోడిన్ అక్కడ ఆగుతుంది. ఆ వెనుక ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు పొడి ఉంటుంది, వాయువుగా ఉన్నది దానిలో చిక్కుకుంటుంది. తర్వాత ప్రయోగశాలలో కాగితాన్నీ బొగ్గునూ కరిగించో కాల్చో అయోడిన్‌ను బయటకు తీసి, పరమాణువులను బరువును బట్టి వేరుచేసే యంత్రంలో పెట్టి లెక్కిస్తారు. కొలిచే మనిషి చేతి చెమటలో ఉన్న అయోడిన్ అంటుకున్నా, వాడిన రసాయనంలో కాస్త కలిసి ఉన్నా లెక్క తారుమారైపోతుంది. అందుకే గాలి లాగని ఖాళీ కాగితాన్నీ, ఖాళీ బొగ్గునూ కూడా అదే పద్ధతిలో పరీక్షించి, వచ్చిన అంకెలోంచి దాన్ని తీసేస్తారు. ఖాళీ సంచి బరువు తీసేయకుండా ధాన్యం తూచే వ్యాపారిని మనం ఊరుకుంటామా?

ఇంకొక పద్ధతి ఉంది. దానిలో పంపు లేదు, కాగితం లేదు. ఆకాశం నుంచి వచ్చే వెలుగును దుర్భిణిలాంటి గొట్టంతో పట్టి రంగులుగా విడదీస్తారు. గాలిలో అయోడిన్ ఆక్సైడు ఉంటే నీలి వెలుగులో కొన్ని సన్నని చోట్ల కాస్త మింగేస్తుంది. ఎంత మింగిందో చూసి ఎంత ఉందో లెక్క కడతారు. పూణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు హిందూ మహాసముద్రం మీద ఓడల్లో పోతూ ఈ విధంగా కొలిచారు. గాలిని లక్ష కోట్ల పాళ్లు చేస్తే అందులో ఒక పాలు, అంతకన్నా తక్కువ, అదీ అక్కడ తేలిన మోతాదు.

ఈ కొలతకు పాత చరిత్ర ఉంది. 1811లో ఫ్రాన్సులో కూర్త్వా అనే ఆయన సముద్రపు నాచు బూడిద నుంచి పెటుప్పు తయారుచేస్తుండగా ఊదారంగు ఆవిరి లేచింది, అదే అయోడిన్. 1850 దశకంలో పారిస్‌కు చెందిన షాతాన్ అనే ఔషధ శాస్త్రజ్ఞుడు గాలి, నీరు, మట్టి అన్నిటిలో అయోడిన్ కొలుస్తూ ఊరూరా తిరిగాడు. అయోడిన్ తక్కువున్న ఆల్ప్స్ కొండ లోయల్లోనే గాయిటర్ ఎక్కువ ఉందని చెప్పాడు. గాలి లెక్కలు ఇతరులు కొలిస్తే అట్లా రాలేదు. అక్కడి పండితుల అకాడమీ ఆయన మాటను ఒప్పుకోలేదు. ఆ రోజుల సాధనాలతో గాలిలో అయోడిన్ కొలవడం సాధ్యమయ్యే పని కూడా కాదు. కానీ ఆయన చెప్పిన అసలు సంగతి నిజమని తేలడానికి ఇంకో అర్ధశతాబ్దం పట్టింది. ఈలోగా ఆ లోయల్లోని పేదల గొంతులు ఉబ్బుతూనే ఉన్నాయి. పండితుల తగాదా తెగేదాకా జబ్బు ఆగదు గదా!

ఇక అంకె చూద్దాం. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు ఎత్తు పెట్టె నిండా గాలి తీసుకుంటే దానిలో మామూలుగా ఉండే అయోడిన్ 10 నుంచి 20 నానోగ్రాములు. నానోగ్రాము అంటే మైక్రోగ్రాములో వెయ్యో వంతు. ఎండలో ఒళ్లు వంచి పనిచేసే కూలీ రోజుకు అలాంటి పెట్టెలు ఇరవై పీలుస్తాడనుకుందాం, ఇంట్లో కూర్చున్నవాళ్లు అందులో సగం పీలుస్తారు. ఇరవై పెట్టెలు, పెట్టెకు ఇరవై నానోగ్రాములు, మొత్తం 400 నానోగ్రాములు. అంటే మైక్రోగ్రాములో సగం కూడా లేదు, 0.4. పీల్చిందంతా ఒంటికి పట్టిందనే అనుకుందాం, అట్లా పట్టదు గాని అనుకుందాం. కావలసింది 150. ఒక్కరోజు అవసరం తీరడానికి 375 రోజులు, ఏడాది దాటి పది రోజులు, గాలి పీల్చాలి!

ఐర్లండు పడమటి తీరంలో మాత్రం కొంత వేరే సంగతి బయటపడింది. అక్కడ చల్లని సముద్రంలో పెద్ద పెద్ద నాచు మొక్కలు రాళ్లకు పట్టి గుట్టలుగా పెరుగుతాయి. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు అవి గాలికి బయటపడి అయోడిన్ వదులుతాయి. అలాంటి చోట్ల గాలిలో అయోడిన్ ఎక్కువగా ఉందనీ, ఆ దగ్గర నివసించే బడిపిల్లల మూత్రంలో కూడా ఎక్కువ కనబడిందనీ 2011లో ఒక పరిశోధన వచ్చింది. మన మైపాడు, కోడూరు తీరాలు ఇసుక దిబ్బలు. ఇక్కడ ఆ నాచు లేదు, ఆ రాళ్లూ లేవు. ఐర్లండు లెక్క తెచ్చి ఇక్కడ చెప్పుకోడానికి లేదు. తీర ప్రాంతాల్లో కూడా అయోడిన్ లోపం కనబడుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది.

మడిలో ఉప్పు సంగతి

"గాలి సరే అబ్బయ్యా, ఉప్పు సముద్రం నీళ్లదే గదా, నీళ్లలో ఉందని నువ్వే చెప్తివి" అని ఒక కొటారు దగ్గర ఒక అవ్వ నన్ను నిలదీసింది. మంచి ప్రశ్న. కాలేజీలో చదివినవాళ్లు కూడా అడగనిది.

"అవ్వా, కిలో ఉప్పు కావాలంటే ఎన్ని నీళ్లు ఎండాల?" అన్నాను.

"బిందెలు బిందెలు ఎండాల" అంది.

లెక్క ప్రకారం సుమారు 40 లీటర్ల సముద్రపు నీరు. లీటరుకు 60 మైక్రోగ్రాముల వంతున ఆ నీళ్లలోని అయోడిన్ చుక్క కూడా పోకుండా ఉప్పులోకి వచ్చిందనుకున్నా కిలోకు 2400 మైక్రోగ్రాములు. మనిషి రోజుకు తినే ఉప్పు పది గ్రాములనుకుంటే దానిలో వచ్చేది 24. కావలసినదానిలో ఆరో వంతు కూడా కాదు. నిజానికి అంత కూడా రాదు. ఉప్పు గడ్డకట్టేటప్పుడు అయోడిన్ దానిలో చేరదు, మిగిలిపోయే చేదు నీటిలో ఉండిపోతుంది. మడిలోంచి మనం బయటకు వదిలేసేది ఆ చేదు నీటినే. కొంత ఎండకు గాలిలోకి పోతుంది. ఆ రకంగా చూస్తే ఉప్పు మడి గాలికి అయోడిన్ ఇస్తుందే గాని మనకు ఇవ్వదు. "అయితే మా చేతుల్లోంచే పోతుండాదన్నమాట" అంది ఆ అవ్వ.

సముద్రపు చేపలోనూ రొయ్యలోనూ అయోడిన్ బాగానే ఉంటుంది. వలకు పోయే కుటుంబాల్లో రోజూ చేప తినేవాళ్లకు దాని ఆసరా ఉంది. కానీ కూలికి పోయే ఇంట్లో చేప వారానికి ఎన్నిసార్లు, తునకలెన్ని, అందులో ఆడవాళ్ల కంచంలోకి వచ్చేదెంత? గుంటల్లో పెంచిన రొయ్య ఐసు పెట్టెలో పడి విదేశాలకు పోతుంది. దాన్ని పట్టినవాళ్లకు తలకాయలు మిగిలితే గొప్ప. మన ప్రధాన తిండి పాలిష్ పట్టిన బియ్యం, దానిలో అయోడిన్ దాదాపు లేనట్టే.

ఈ జబ్బు సంగతి మన దేశంలో తేల్చినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది మన శ్రీకాకుళంలో పుట్టిన డాక్టరు వులిమిరి రామలింగస్వామి గారిని. 1956 నుంచి హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో ఆయన, ఆయనతోటి డాక్టర్లు ఊళ్లను విడదీసి, కొన్నిటికి అయోడిన్ కలిపిన ఉప్పు, కొన్నిటికి మామూలు ఉప్పు ఇచ్చి ఏళ్ల తరబడి చూశారు. అయోడిన్ ఉప్పు తిన్న ఊళ్లలో గాయిటర్ తగ్గిపోయింది. ఆ పని మీద ఆధారపడే కేంద్ర ప్రభుత్వం 1962లో జాతీయ గాయిటర్ నివారణ కార్యక్రమం పెట్టింది. కాగా ఇరవై ఏళ్లు అది నత్తనడక నడిచింది. తినే ఉప్పంతటికీ అయోడిన్ కలపాలన్న నిర్ణయం 1980 దశకంలో గాని రాలేదు. మన విశాఖ, తూర్పు గోదావరి, ఆదిలాబాదు ఏజెన్సీల్లో గిరిజనుల గొంతుల మీద ఈ ఆలస్యం రాసి ఉంది.

కంపెనీ ఎక్కడ దూరింది?

ఇప్పుడు కార్యకర్తల అనుమానం దగ్గరకు వద్దాం. అనుమానం ఊరికే పుట్టలేదు. 1983లో టాటా కంపెనీ ప్యాకెట్టు ఉప్పు బజారులోకి వచ్చింది. అయోడిన్ లేని ఉప్పు తిండికి అమ్మరాదని కేంద్రం 1998లో నిషేధం పెట్టింది, 2000లో ఎత్తేసింది, 2006 మే 17 నుంచి మళ్లీ పెట్టింది. దీనిమీద సుప్రీంకోర్టుకు పోతే 2011 జులై 4న తీర్పు వచ్చింది. కల్తీ నివారణ చట్టం కింద ఇలాంటి నిషేధం పెట్టే అధికారం ప్రభుత్వానికి లేదని, అయోడిన్ కలపని ఉప్పు కల్తీ ఉప్పు కాదని కోర్టు చెప్పింది. అయితే ప్రజారోగ్యం దృష్ట్యా ఆరు నెలలపాటు నిషేధాన్ని ఉండనిచ్చింది. ఈలోగా ఆహార భద్రతా చట్టం కింద 2011 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల్లో అదే నిషేధం ఉంది. అంగట్లో అమ్మే తిండి ఉప్పులో కిలోకు 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి. పది గ్రాముల ఉప్పుకు 150 మైక్రోగ్రాములు, లెక్క సరిపోయింది.

ఒక టన్ను ఉప్పుకు అయోడిన్ కలపాలంటే పొటాషియం అయొడేటు అనే పొడి సుమారు 50 గ్రాములు చాలు. టన్నుకు గుప్పెడు! దాన్ని నీళ్లలో కలిపి ఉప్పు మీద చల్లాలి. పెద్ద మిల్లుల్లో కదిలే బెల్టు మీద చల్లుతారు. చిన్నవాళ్లు పొలంలో మందు కొట్టే స్ప్రేయరు లాంటిదానితో చల్లి పారతో కలపవచ్చు. దీన్నిబట్టి ప్యాకెట్టు ధరకూ మడి దగ్గర ధరకూ మధ్యనున్న అగాధం అయోడిన్ తవ్వింది కాదని ఎవరికైనా అర్థమవుతుంది. కడగడం, పొడిచేయడం, ప్లాస్టిక్ సంచి, రవాణా, టీవీలో ప్రకటన, పంపిణీదారుల కమీషన్, ఆ పైన లాభం, అన్నిటినీ అయోడిన్ పేరుతో గిట్టించుకున్నారు. ఎకరం, రెండెకరాల మళ్లున్న చిన్న ఉప్పు రైతు అయోడిన్ కలిపే యంత్రం పెట్టుకోలేడు. పెట్టుకోలేడు గనుక తిండి ఉప్పుగా అమ్ముకోలేడు. తోళ్ల పరిశ్రమకో, ఎండుచేపకో, మిల్లువాడికో వాడు చెప్పిన ధరకు పోయాల్సిందే. సరుకు మనదే, చెమట మనదే, చట్టం మాత్రం మిల్లువాడి గేటు ముందు నిలబడింది.

1930లో ఉప్పు పన్నుమీద తిరగబడ్డ దేశం ఇది. అప్పుడు ఉప్పు వండుకునే హక్కు కోసం లాఠీలు తిన్నారు. ఇప్పుడు అడగవలసింది అయోడిన్ వద్దని కాదు. కొటారు దగ్గరే సహకార సంఘానికి ప్రభుత్వ ఖర్చుతో అయోడిన్ కలిపే ఏర్పాటు చేయించమని. అట్లా కలిపిన కల్లుప్పును రేషను దుకాణంలో అమ్మించమని. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో అమ్మహస్తం పేరుతో 185 రూపాయలకు తొమ్మిది సరుకులు ఇచ్చినప్పుడు అందులో కిలో ఉప్పు ఉంది. ఆ పథకం పోయింది, ఉప్పు కూడా పోయింది. రేషను ఉప్పు అసాధ్యమనే అధికారికి ఈ సంగతి గుర్తుచేయాలి.

ఇంకో సంగతి మన పాఠకులు తెలుసుకోదగ్గది. ప్రపంచంలో అయోడిన్‌లో సగానికి పైగా దక్షిణ అమెరికాలోని చిలీ నుంచి వస్తుంది. అటకామా ఎడారిలో నైట్రేటు మట్టి తవ్వే చోట అయోడిన్ కూడా దొరుకుతుంది. ఆ గనుల కార్మికులు 1907 డిసెంబరులో కూలి కోసం సమ్మెచేసి ఇకీకే పట్నానికి నడిచివచ్చి శాంతా మారియా బడిలో దిగారు. 21వ తేదీన సైన్యం వాళ్లమీద కాల్పులు జరిపింది. పోయిన ప్రాణాలు ఎన్నో ఇప్పటికీ తేలలేదు. వందల్లో అని కొందరు, వేలల్లో అని కొందరు అంటారు. మన కంచంలోకి వచ్చే ఆ పిసరంత అయోడిన్ వెనక కూడా కూలివాళ్లే ఉన్నారు.

పొగగొట్టాలు, రియాక్టర్లు

ముత్తుకూరు మండలంలో నేలటూరు థర్మల్ కేంద్రం, చుట్టుపక్కల ప్రైవేటు థర్మల్ కేంద్రాలు వచ్చాక గాలి కొలతల మాట మన సభల్లో కూడా వినబడుతోంది. బొగ్గులో కూడా కొద్దిగా అయోడిన్ ఉంటుంది, కాల్చితే అది చాలావరకు పొగలో పోతుంది. అయితే గాలి నాణ్యతకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో పెట్టిన ప్రమాణాల్లో ఉన్నవి పన్నెండు. గంధకపు వాయువు, నత్రజని వాయువు, రెండు రకాల ధూళి, ఓజోన్, సీసం, ఆర్సెనిక్ మొదలైనవి. అయోడిన్ అందులో లేదు. దాన్నీ చేర్చమని మనం అడగాలా అని ఒక కుర్ర కార్యకర్త అడిగాడు. నా అభిప్రాయం అక్కర్లేదనే. ఉన్న పన్నెండూ సరిగ్గా కొలిచి, ఆ అంకెలు తెలుగులో పంచాయతీ గోడమీద రాయించడమే ఇంకా మన చేతకాలేదు. ఊపిరితిత్తుల్లోకి పోయేది బూడిద ధూళి, దాని సంగతి ముందు చూడాలి.

కాకపోతే ఈ రెంటికీ ఒక దూరపు చుట్టరికం ఉంది. వాహనాలూ బొగ్గు కేంద్రాలూ వదిలే నత్రజని వాయువుల వల్ల ఓజోన్ పెరుగుతుంది. ఓజోన్ పెరిగితే సముద్రం నుంచి లేచే అయోడిన్ పెరుగుతుంది. ఆల్ప్స్ కొండల మీదా గ్రీన్‌లాండులోనూ పొరలు పొరలుగా గడ్డకట్టిన పాత మంచును తవ్వితీసి కొలిస్తే 1950 తర్వాత అయోడిన్ సుమారు మూడు రెట్లయిందని 2018లో బయటపెట్టారు. మూడు రెట్లయినా తిండికి పనికొచ్చేది కాదని పైన లెక్క చూశాం గదా.

ఒక రకం అయోడిన్‌ను మాత్రం గాలిలో కొలిచి తీరాలి. అది అణు రియాక్టర్లలో పుట్టే అయోడిన్ 131. థైరాయిడ్ గ్రంథికి ఇది విషమని తెలియదు, మామూలు అయోడిన్‌లాగే పట్టి దాచుకుంటుంది. ఎనిమిది రోజులకోసారి సగం తగ్గిపోయే ఈ సరుకు ఆ కొద్దిరోజుల్లోనే గ్రంథిని కాలుస్తుంది. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ ప్రమాదంలో ఇది గాలిలో పోయి గడ్డిమీద దిగింది. గడ్డి నుంచి ఆవులకు, ఆవుల నుంచి పాలలోకి, పాల నుంచి పిల్లలకు పోయింది. తర్వాతి ఏళ్లలో వేల మంది పిల్లలకు థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది. తిండిలో అయోడిన్ తక్కువ ఉన్న పిల్లల గ్రంథి ఆకలిమీద ఉంటుంది గనుక విషాన్ని ఎక్కువ పట్టుకుంటుంది. పక్కనున్న పోలెండు ప్రభుత్వం మాత్రం కొద్ది రోజుల్లోనే కోటిమందికి పైగా పిల్లలకు మామూలు అయోడిన్ మందు తాగించింది. గ్రంథి ముందే నిండితే విషానికి చోటుండదు.

మన తీరానికి దక్షిణాన, మద్రాసు దాటాక కల్పాక్కం అణు కేంద్రం 1980ల నుంచి నడుస్తోంది. 2004 డిసెంబరు 26న మన ఊళ్లమీద విరుచుకుపడ్డ సునామీ అక్కడ పంపుల గదిలోకీ నీళ్లు తెచ్చింది, రియాక్టరును ఆపవలసి వచ్చింది. ఉత్తరాన శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఇంకో కేంద్రానికి ప్రతిపాదన ఉంది. ఇలాంటి కేంద్రాల చుట్టూ బొగ్గు వడపోతలతో గాలిని లాగి అయోడిన్ 131 లెక్కిస్తారు. పగిలే ఒక్కొక్క పరమాణువునూ యంత్రం వినగలదు గనుక, మామూలు అయోడిన్ కన్నా ఎన్నో రెట్లు తక్కువున్నా దీన్ని పట్టుకోవచ్చు. ఆ అంకెలు చుట్టుపక్కల కూలీలకు వాళ్ల భాషలో తెలియాలి.

2011 మార్చిలో జపాను ఫుకుషిమా ప్రమాదం జరిగినప్పుడు చైనాలో జనం అయోడిన్ ఉప్పు కోసం దుకాణాల మీద పడ్డారు. ప్రమాద సమయంలో పెద్దమనిషికి ఇచ్చే మాత్రలో ఉండే అయోడిన్ ఉప్పు ద్వారా రావాలంటే ఒక్కసారిగా ఆరేడు కిలోలు తినాలి! ఉప్పు రోజువారీ అవసరానికే, ప్రమాదానికి కాదు. ఆ మాత్రలు కూడా ప్రభుత్వం చెప్పినప్పుడు తప్ప సొంతంగా మింగేవి కావు.

మనం కొలవగలిగేవి

గాలిని కొలవడం మన చేతిలో లేదు గాని ఉప్పును కొలవడం ఉంది. చిన్న సీసాలో పిండి ద్రావకం దొరుకుతుంది. చెంచాడు ఉప్పుమీద ఒక చుక్క వేస్తే అయోడిన్ ఉంటే నీలిరంగు తిరుగుతుంది, లేకపోతే తెల్లగానే ఉంటుంది. రంగు ముదురును బట్టి ఎంత ఉందో సుమారుగా తెలుస్తుంది. జబ్బు ఎక్కువున్న జిల్లాల్లో ఈ పరీక్ష ఆశా కార్యకర్తల చేత చేయించాలని జాతీయ కార్యక్రమంలో ఉంది. నెలకు 50 ఇళ్ల ఉప్పు పరీక్షిస్తే 25 రూపాయలు ఇవ్వాలని పెట్టారు, అంటే ఇంటికి అర్ధరూపాయి! అంతకన్నా నిక్కచ్చి పరీక్ష మూత్రంలో అయోడిన్ కొలవడం. ఊళ్లో కొంతమంది బడిపిల్లల నమూనాలు తీసి, సగటున లీటరుకు 100 మైక్రోగ్రాముల కన్నా తక్కువ వస్తే ఆ ఊరికి లోపం ఉన్నట్టే. మన తీరపు ఊళ్ల బడుల్లో ఈ పరీక్ష చేయించమని జిల్లా వైద్యాధికారిని అడగాలి. గాలిలో ఉందా లేదా అని వాదించుకోవడం కన్నా ఇది మేలు.

అయోడిన్ కలిపిన కల్లుప్పు కొన్నా మన ఇళ్లలో ఒక అలవాటు దాన్ని నేలపాలు చేస్తోంది. మట్టి ఉంటుందని కల్లుప్పును కడుగుతారు. అయోడిన్ గల్లు పైపైనే ఉంటుంది గనుక ఆ కడుగునీళ్లలోనే పోతుంది. ఉప్పు జాడీని పొయ్యి పక్కన మూత లేకుండా పెట్టినా, గోనెసంచిలో చెమ్మ పట్టనిచ్చినా తగ్గుతుంది. మూత ఉన్న డబ్బాలో పెట్టి, కూర దించబోయే ముందు వేయాలి. ఉప్పు ఎక్కువ తింటే అయోడిన్ ఎక్కువ వస్తుందని పెంచుకోవద్దు, రక్తపోటు పెరుగుతుంది. అంబలిలోకి నంజుకునే పచ్చడి కారం, ఎండుచేప ఏ ఉప్పుతో పెట్టినవో కూడా చూసుకోవాలి, మన ఒంట్లోకి పోయే ఉప్పులో వాటి వంతు కూడా ఉంది.

సంక్రాంతి వెళ్లి తూర్పుగాలి వానలు పూర్తిగా వెనక్కి తగ్గాక మళ్లలో పని మొదలవుతుంది. అప్పుడు కొటార్ల దగ్గర కూలి రేట్ల మీద పెట్టే సమావేశాలకు మన కార్యకర్తలు ఆ పరీక్ష సీసా ఒకటి వెంట తీసుకుపోవాలి. ఆడకూలీలను వాళ్ల వాళ్ల ఇళ్ల నుంచి చిటికెడు ఉప్పు కాగితంలో పొట్లం కట్టుకుని రమ్మనాలి. సహకార సంఘానికి అయోడిన్ యంత్రం, రేషనులో ఉప్పు కావాలని రాసే అర్జీకి ఆ పొట్లాల లెక్క, ఎన్ని నీలిరంగు తిరిగాయి, ఎన్ని తెల్లగా ఉన్నాయి అన్నది, ఊరి పేరుతో సహా జతచేయాలి.